తీవ్ర హృద్రోగులలో మెటబాలిక్ సిండ్రోమ్

మెటబాలిక్ సిండ్రోమ్ అనగా నడుము చుట్టూ చేరిన కొవ్వు, కొద్దిగా పెరిగిన రక్తపోటు, కొద్దిగా పెరిగిన రక్తంలోని చక్కెర, ఎక్కువైన ట్రైగ్లిజరైడ్లు, తగ్గిన హెచ్‌డీఎల్ కొలెస్టరాల్ అనే ఐదు అంశాలలో కనీసం మూడు ఒకే మనిషిలో కలిసి ఉండే స్థితి. తెలుగులో దీనిని జీవక్రియా లక్షణ సముదాయం అనవచ్చును. తీవ్ర హృద్రోగం అంటే గుండెపోటు, దానికి ముందు మెట్టు వంటి అస్థిర ఆంజైనా. ఈ రెండింటినీ కలిపి వైద్యులు అక్యూట్ కరోనరీ సిండ్రోమ్ అని పిలుస్తారు. తీవ్ర హృద్రోగంతో ఆసుపత్రిలో చేరినవారిలో మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవారు మూడో వంతుకు పైగా ఉంటారని, కొన్ని చోట్ల సగానికి దగ్గరగా ఉంటారని వివిధ దేశాల అధ్యయనాలు చూపాయి.

పైన చెప్పిన ఐదింటిలో ఏదీ సాధారణంగా నొప్పి కలిగించదు. అందువలన తనలో ఈ స్థితి ఉన్నదని చాలామందికి మొదటిసారి తెలిసేది ఛాతీనొప్పితో మంచం ఎక్కిన రోజుననే. అయితే సరిగ్గా ఆ రోజున తీసిన కొలతలే కొంతవరకు నమ్మదగనివి. గుండెపోటు తాకిడికి రక్తంలోని చక్కెర, కొవ్వులు, రక్తపోటు తమ మామూలు స్థాయి నుండి తప్పుతాయి. రోగిని సరిగా గుర్తించడంలోని కష్టమంతా ఇక్కడే ఉన్నది.

== పేరు, చరిత్ర ==

రక్తపోటు, రక్తంలో అధిక చక్కెర, రక్తంలో అధిక యూరిక్ ఆమ్లం తరచుగా కలిసి కనిపిస్తాయని స్వీడన్ వైద్యుడు కీలిన్ 1923లో వ్రాశాడు. స్థూలకాయులందరూ ఒకటి కాదనీ, పొట్ట భాగంలో కొవ్వు చేరినవారికే మధుమేహం, ధమనుల వ్యాధులు ఎక్కువగా వస్తాయనీ ఫ్రాన్సు వైద్యుడు జాన్ వాగ్ 1947లో గమనించాడు. ఈ రెండు పరిశీలనలూ చాలాకాలం పుస్తకాలలోనే ఉండిపోయాయి.

1988లో అమెరికా మధుమేహ సంఘం వారి బాంటింగ్ ఉపన్యాసంలో జెరాల్డ్ రీవెన్ ఈ లక్షణాలన్నింటికీ మూలం ఇన్సులిన్ నిరోధకత అని ప్రతిపాదించి, ఈ సముదాయానికి సిండ్రోమ్ ఎక్స్ అని పేరు పెట్టాడు. విచిత్రమేమంటే నేడు అందరూ మొదట చూసే పొట్ట కొవ్వును రీవెన్ తన జాబితాలో చేర్చలేదు. బక్కగా ఉన్నవారిలో కూడా ఇన్సులిన్ నిరోధకత ఉండగలదన్నది ఆయన వాదన. తెలుగువారి విషయంలో ఈ మాటకు చాలా విలువ ఉన్నది.

అదే 1988 సంవత్సరంలో హైదరాబాదు జిల్లా షేక్‌పేట మండలంలో, తెలుగు సినిమా పరిశ్రమకు నిలయమైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతంలో అపోలో ఆసుపత్రి ప్రారంభమైనది. తరువాతి దశాబ్దాలలో నగరంలో గుండె వైద్యం వేగంగా విస్తరించింది. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవ హైదరాబాదులో మొదలైనది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకంతో స్టెంటు, బైపాసు చికిత్సలు పేదలకు కూడా అందాయి. మూసుకుపోయిన ధమనిని తెరవడంలో ఇంత ముందుకు వచ్చిన చోట, ఆ ధమని ఎందుకు మూసుకుపోయినదో చెప్పే నడుము కొలత మాత్రం రోగి పత్రాలలో అరుదుగానే కనిపిస్తుంది.

== ప్రమాణాలు ==

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లోను, అమెరికా కొలెస్టరాల్ కార్యక్రమం 2001లోను, అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2005లోను వేర్వేరు నిర్వచనాలు ఇచ్చాయి. దీనివలన ఒకే మనిషికి ఒక నిర్వచనం ప్రకారం జబ్బు ఉండటం, మరొక దాని ప్రకారం లేకపోవడం జరిగేది. 2009లో ఆరు సంస్థలు కలిసి ఉమ్మడి ప్రమాణాలు ప్రకటించాయి. వాటి ప్రకారం క్రింది ఐదింటిలో ఏవైనా మూడు ఉంటే చాలు.

* నడుము చుట్టుకొలత: దక్షిణాసియా పురుషులలో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ
* ట్రైగ్లిజరైడ్లు: డెసీలీటరు రక్తంలో 150 మిల్లీగ్రాములు లేదా ఎక్కువ
* హెచ్‌డీఎల్ కొలెస్టరాల్: పురుషులలో 40 మిల్లీగ్రాముల కంటే, స్త్రీలలో 50 మిల్లీగ్రాముల కంటే తక్కువ
* రక్తపోటు: 130/85 లేదా ఎక్కువ
* పరగడుపున రక్తంలో గ్లూకోజు: 100 మిల్లీగ్రాములు లేదా ఎక్కువ

చివరి నాలుగింటిలో దేనికైనా ఇప్పటికే మందులు వాడుతున్నవారిని, కొలత మామూలుగా ఉన్నా సరే, ఆ లక్షణం ఉన్నట్లే లెక్కించాలి. 2001 నాటి అమెరికా ప్రమాణంలో నడుము హద్దు పురుషులకు 102, స్త్రీలకు 88 సెంటీమీటర్లు. ఆ హద్దునే వాడితే మన ప్రాంతపు రోగులలో చాలామంది లెక్కలోకే రారు.

ప్యాంటు సైజును నడుము చుట్టుకొలతగా చెప్పడం చాలామందికి అలవాటు. ఇది పొరపాటు. పొట్ట పెరిగిన మగవారు ప్యాంటును పొట్ట క్రిందికి దించి కడతారు కనుక, పొట్ట ఎంత పెరిగినా ప్యాంటు సైజు అంతగా మారదు. మనిషి నిలబడి, ఊపిరి మామూలుగా వదిలిన తరువాత, చివరి ప్రక్కటెముకకు తుంటి ఎముక పై అంచుకు నడిమి భాగంలో టేపు చుట్టి కొలవాలి.

== శరీరంలో జరిగేది ==

చర్మం క్రింద ఉండే కొవ్వు కంటే పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ చేరిన కొవ్వు చురుకైనది. దాని నుండి కొవ్వు ఆమ్లాలు కాలేయానికి నిరంతరం చేరుతుంటాయి. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగినకొద్దీ హెచ్‌డీఎల్ తగ్గుతుంది. ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవిగా, చిక్కనివిగా మారి ధమని గోడలోకి సులభంగా దూరుతాయి. అందుచేత పరీక్షలో ఎల్‌డీఎల్ సంఖ్య మామూలుగా ఉన్నా దాని గుణం చెడ్డదే కావచ్చును.

మరొక ప్రక్క కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట వినడం తగ్గుతుంది. క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి కొంతకాలం చక్కెరను అదుపులో ఉంచుతుంది. ఈ దశలో చక్కెర పరీక్ష అంతా బాగున్నట్లే చెబుతుంది. అధిక ఇన్సులిన్ వలన మూత్రపిండాలు ఉప్పును నిలువచేసుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. కొవ్వు కణాల నుండి వెలువడే పదార్థాలు ధమని గోడలలో వాపును పెంచుతాయి. పీఏఐ-1 అనే ప్రోటీను ఎక్కువై, రక్తపు గడ్డలను కరిగించే సహజ శక్తి మందగిస్తుంది.

ధమని గోడలోని కొవ్వు ఫలకం పగిలి, దానిపై రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవడమే గుండెపోటుకు సాధారణ కారణం. ఫలకం పెరగడం, పగలడం, గడ్డ కరగకపోవడం అనే మూడు దశలలోను ఈ సిండ్రోమ్ ప్రభావం ఉన్నది.

== బక్క మనిషి, లోపలి కొవ్వు ==

పూణేకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటోను 2004లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఇద్దరి శరీర ద్రవ్య సూచీ ఒకటే, 22.3. కాని దేహంలో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. భారతీయుల దేహతత్వాన్ని వివరించడానికి ఇంతకంటే సులభమైన ఉదాహరణ దొరకదు. కాళ్ళు చేతులు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చిన మనిషిని మనవారు లావు అనరు. పైగా కాస్త బొజ్జ ఉంటే కలిగినవాడని గౌరవించే అలవాటు కూడా ఉన్నది. అటువంటి మనిషే ఈ సిండ్రోమ్‌కు తరచుగా గురి అవుతాడు.

52 దేశాలలో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం మొదటి గుండెపోటు దక్షిణాసియావారిలో సగటున 53 ఏళ్ళకు వస్తే, మిగిలినవారిలో 59 ఏళ్ళకు వచ్చింది. ఆరేళ్ళ తేడా చిన్నది కాదు. ఇంటి బాధ్యతలు ఇంకా తీరని వయసు అది. ఇదే అధ్యయనపు సమాచారాన్ని 2010లో విశ్లేషించగా మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవారికి గుండెపోటు అవకాశం రెండు రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది.

ఇది నగరాలకే పరిమితమైన జబ్బు అని ఒకప్పుడు భావించేవారు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలో జరిగిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం ఆ భావనను మార్చింది. అక్కడి 45 గ్రామాలలో 2003-04 కాలంలో సంభవించిన మరణాలను పరిశీలించగా దాదాపు 32 శాతానికి గుండె, రక్తనాళాల వ్యాధులే కారణమని తెలిసింది. అదే ప్రాంతంలో 30 ఏళ్ళు దాటినవారిలో 13.2 శాతం మందికి మధుమేహం ఉండగా, వారిలో సగం మందికి ఆ సంగతి తెలియదు. కాలువల క్రింద వరి పండే పల్లెలలోనే పరిస్థితి ఇలా ఉంటే నగరం సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. 2023లో వెలువడిన జాతీయ సర్వే దేశంలో పెద్దలలో 11.4 శాతం మందికి మధుమేహం, 15.3 శాతం మందికి దాని ముందు దశ, 35.5 శాతం మందికి అధిక రక్తపోటు, 39.5 శాతం మందికి పొట్ట స్థూలకాయం ఉన్నట్లు అంచనా వేసింది.

== గుండెపోటు సమయంలో కొలతల చిక్కు ==

గుండెపోటు వచ్చిన వెంటనే శరీరం అడ్రినలిన్, కార్టిసోల్ హార్మోనులను ఎక్కువగా విడుదల చేస్తుంది. వీటి ప్రభావంతో కాలేయం నిలువ ఉన్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది. మధుమేహం ఏనాడూ లేని మనిషికి కూడా ఆ రాత్రి చక్కెర 180, 200 చూపవచ్చు. దానిని చూసి ఇతడు మధుమేహ రోగి అని తీర్మానించడం తప్పు. ఇది ఆందోళన వలన వచ్చిన చక్కెర, రేపటికి తగ్గిపోతుందని కొట్టివేయడం అంతకంటే పెద్ద తప్పు.

ఈ రెండో తప్పు ఎంత పెద్దదో స్వీడన్‌లో జరిగి 2002లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. మధుమేహం లేదనుకున్న 181 మంది గుండెపోటు రోగులకు ఇంటికి పంపేముందు గ్లూకోజు త్రాగించి పరీక్షించారు. 31 శాతం మందికి మధుమేహం, మరో 35 శాతం మందికి దాని ముందు దశ బయటపడ్డాయి. మూడు నెలల తరువాత మళ్ళీ పరీక్షించినా ఫలితం పెద్దగా మారలేదు. అంటే వీరిలో ఎక్కువమందిది గుండెపోటు తెచ్చిన తాత్కాలిక చక్కెర కాదు, అంతకుముందే ఉండి ఎవరూ చూడనిది.

గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఇక్కడ మేలైన ఆధారం. ఒక్క రాత్రి ఆందోళనకు అది మారదు. 5.7 నుండి 6.4 శాతం వరకు ఉంటే ముందు దశ, 6.5 లేదా అంతకు మించితే మధుమేహం. కాని మన ప్రాంతంలో దీనికి కూడా ఒక చిక్కు ఉన్నది. ఇనుము లోపం వలన రక్తహీనత ఉన్నవారిలో ఈ సంఖ్య ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం స్త్రీలకు రక్తహీనత ఉన్నది. కనుక స్త్రీలలో హిమోగ్లోబిన్ చూడకుండా హెచ్‌బీఏ1సీ ఒక్కదానినే నమ్మడం సరికాదు.

కొవ్వు పరీక్షలది మరొక కథ. గుండెపోటు తరువాత ఒక రోజు గడిచేసరికి ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ తగ్గడం మొదలవుతుంది. ఆ తగ్గుదల కొన్ని వారాలు ఉండవచ్చు. అందుచేత రక్తం మొదటి 24 గంటల లోపున తీయడం మంచిది. నాలుగో రోజున తీసిన పరీక్షలో కొలెస్టరాల్ తక్కువగా వచ్చిందని రోగి సంతోషించడానికి లేదు. ట్రైగ్లిజరైడ్లు క్రితం భోజనాన్ని బట్టి కూడా మారతాయి. రాత్రి విందు తిని తెల్లవారుజామున నొప్పితో వచ్చినవానికి పరగడుపు రక్తం ఎక్కడి నుండి వస్తుంది?

రక్తపోటు నొప్పి, భయం వలన పెరగవచ్చు. గుండె బలహీనపడినప్పుడు పడిపోవచ్చు. ఇచ్చిన మందుల వలన కూడా తగ్గుతుంది. పాత రక్తపోటు సంగతి ఇంటివారిని అడిగి తెలుసుకోవడమే మార్గం. ఇక నడుము కొలత నిలబడగలిగినప్పుడే సాధ్యం. ఐదింటిలో గుండెపోటు తాకిడికి మారనిది ఇదొక్కటే, దీనికి ఖర్చు కూడా లేదు. అయినా వార్డులో మనిషి లేచి నడిచే రోజుకు ఇంటికి పంపే పనులు ముందుకు వస్తాయి, కొలత మిగిలిపోతుంది. కాబట్టి ఆరు నుండి పన్నెండు వారాల మధ్య అన్ని కొలతలూ మళ్ళీ తీసుకోవడం అవసరం.

== రోగం ముదిరే తీరు ==

ఫ్రాన్సులోని డిజాన్ ప్రాంతంలో 633 మంది గుండెపోటు రోగులను పరిశీలించగా 290 మందికి, అనగా 46 శాతానికి, ఈ సిండ్రోమ్ ఉన్నట్లు 2005లో ప్రకటించారు. వారిలో ఆసుపత్రిలో మరణాలు, తీవ్రమైన గుండె వైఫల్యం ఎక్కువగా కనిపించాయి. ఐదు లక్షణాలలో పెరిగిన చక్కెరే గుండె వైఫల్యానికి ఎక్కువ బాధ్యత వహించినట్లు వారు గుర్తించారు. అదే ఏడాది మిరాకిల్ అనే మందుల పరీక్షలోని 3,038 మందిని విశ్లేషించగా 38 శాతం మందికి సిండ్రోమ్ ఉన్నది; వారికి తరువాతి నాలుగు నెలలలో మరణం లేదా తిరిగి గుండె ఆపద కలిగే అవకాశం దాదాపు ఒకటిన్నర రెట్లు ఉన్నది.

భారతదేశంలో 50 నగరాలలోని 89 ఆసుపత్రులలో 20 వేలకు పైగా తీవ్ర హృద్రోగులను నమోదు చేసిన క్రియేట్ అధ్యయనం 2008లో వెలువడింది. రోగుల సగటు వయసు 57.5 ఏళ్ళు. 30.4 శాతం మందికి మధుమేహం, 37.7 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నట్లు అప్పటికే తెలుసు. నొప్పి మొదలైనప్పటి నుండి ఆసుపత్రి చేరడానికి సగటున ఆరు గంటలు పట్టింది. ఆ ఆరు గంటలలో కొంత సమయం దారిలో పోతే, కొంత సమయం గ్యాస్ నొప్పి అనుకోవడంలో పోతుంది. సోడా త్రాగి, వాము నమిలి, తెల్లవారేవరకు చూద్దామనుకునే అలవాటు తెలుగు ఇళ్ళలో బాగా ఉన్నది. మధుమేహం చాలాకాలంగా ఉన్నవారికి నరాలు దెబ్బతిని ఛాతీనొప్పి తెలియకపోవచ్చు. ఆయాసం, చెమటలు, వాంతి, దవడ లేదా ఎడమచేతి లాగుడు మాత్రమే ఉండవచ్చు. చక్కెర, రక్తపోటు ఉన్నవారిలో ఇటువంటి లక్షణాలు కనిపిస్తే వెంటనే ఈసీజీ తీయించడం అవసరం.

== చికిత్స ==

మొదటి గంటలలో సిండ్రోమ్ ఉన్నా లేకున్నా చికిత్స ఒకటే: మూసుకున్న ధమనిని గడ్డ కరిగించే ఇంజెక్షనుతో గాని, బెలూను, స్టెంటుతో గాని తెరవడం, ఆస్పిరిన్ వంటి మందులు ఇవ్వడం. తేడా తరువాత మొదలవుతుంది.

ఆసుపత్రిలో చక్కెరను ఎంత గట్టిగా అదుపు చేయాలన్న విషయంలో అభిప్రాయం మారింది. గుండెపోటు రోగులకు ఇన్సులిన్ చుక్కల పద్ధతి ప్రాణాలు నిలిపిందని 1995లో డిగామి పరీక్ష చెప్పింది. 2005లో జరిగిన రెండో డిగామి దానిని నిర్ధారించలేకపోయింది. 2009లో 6,104 మంది ఇంటెన్సివ్ కేర్ రోగులతో జరిగిన నైస్ షుగర్ పరీక్షలో చక్కెరను మరీ క్రిందికి దించినవారిలోనే మరణాలు ఎక్కువైనాయి. అందువలన నేడు 180 దాటితే ఇన్సులిన్ ఇవ్వడం, మరీ పడిపోకుండా చూడటం సాధారణ పద్ధతి.

స్టాటిన్ మందులు అధిక మోతాదులో అందరికీ ఇస్తారు. ఇవి ఎల్‌డీఎల్‌ను బాగా తగ్గిస్తాయి కాని సిండ్రోమ్‌లోని అసలు కొవ్వు దోషాన్ని కొంతే సరిచేస్తాయి. హెచ్‌డీఎల్‌ను పెంచే మందులు సంఖ్యను పెంచినా గుండెపోట్లను తగ్గించలేదని నియాసిన్ తదితర పరీక్షలలో తేలింది. కాబట్టి తక్కువ హెచ్‌డీఎల్‌ను ఒక హెచ్చరికగా చూడాలి గాని, మాత్రతో నింపవలసిన లోటుగా కాదు. రక్తపోటుకు ఏసీఈ నిరోధకాలు, గుండెకు బీటా నిరోధకాలు వాడతారు. బీటా నిరోధకాలలో కొన్ని చక్కెరను, ట్రైగ్లిజరైడ్లను కొద్దిగా పెంచుతాయి. గుండెకు కలిగే మేలు ముందు ఈ దోషం చిన్నది కనుక రోగి తనంతట తాను వాటిని మానకూడదు. మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారికి మూత్రపిండాలు బలహీనంగా ఉంటే ఆంజియోగ్రాం సమయంలో దానిని కొద్ది రోజులు ఆపుతారు.

ఇటీవలి మందులలో సెమాగ్లూటైడ్ గురించి చెప్పుకోవాలి. మధుమేహం లేకుండా అధిక బరువు, గుండె లేదా రక్తనాళాల జబ్బు ఉన్న 17,604 మందిపై జరిగి 2023లో వెలువడిన పరీక్షలో ఇది గుండెపోటు, పక్షవాతం, హృద్రోగ మరణాలను కలిపి 20 శాతం తగ్గించింది. అయితే ఆ పరీక్షలో చేరడానికి శరీర ద్రవ్య సూచీ కనీసం 27 ఉండాలి. సూచీ 23 ఉండి పొట్ట మాత్రం పెరిగిన మనవారికి ఆ ఫలితాన్ని నేరుగా అన్వయించలేము.

== ఆహారం, పనివేళలు ==

బరువులో 5 నుండి 10 శాతం తగ్గితే ఐదు లక్షణాలూ మెరుగుపడతాయి. మధుమేహపు ముందు దశలో ఉన్నవారిలో ఆహారం, నడక మార్పులతో మధుమేహం రావడం 28.5 శాతం తగ్గిందని చెన్నైలో జరిగిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనం 2006లో చూపింది.

తెలుగు భోజనంలో నూనె కంటే అన్నం రాశి పెద్ద సమస్య. తెల్లగా మరపట్టిన బియ్యం త్వరగా చక్కెరగా మారి, మిగిలినది కాలేయంలో ట్రైగ్లిజరైడ్లు అవుతుంది. నూనె మానివేసి అన్నం రెట్టింపు తినేవారికి ట్రైగ్లిజరైడ్లు తగ్గకపోవడానికి కారణం ఇదే. రాజేంద్రనగర్‌లో రూపొందించి 2015లో విడుదల చేసిన ఆర్ఎన్ఆర్ 15048 అనే తెలంగాణ సోనా రకానికి గ్లైసీమిక్ సూచీ తక్కువ, దాదాపు 51. దుకాణాలలో దీనిని షుగరు బియ్యం అని అమ్ముతారు. ఆ పేరు చూసి మూడుసార్లు వడ్డించుకుంటే ప్రయోజనం పోతుంది. ఆవకాయ, అప్పడాలు, వడియాల ద్వారా చేరే ఉప్పు రక్తపోటు ఉన్నవారు లెక్కలో పెట్టుకోవలసినది. కంది, పెసర పప్పులు, ఆకుకూరలు, చేపలు పళ్ళెంలో పెరిగితే అన్నానికి చోటు తానే తగ్గుతుంది.

పనివేళల ప్రభావం కూడా తక్కువ కాదు. రాత్రి పనిచేసేవారిలో మెటబాలిక్ సిండ్రోమ్ ఎక్కువగా ఉంటుందని అనేక దేశాల పరిశీలనలు తెలిపాయి. నిద్ర చెడినప్పుడు ఇన్సులిన్ నిరోధకత పెరగడం, అర్ధరాత్రి తిన్న భోజనపు చక్కెర ఎక్కువసేపు రక్తంలో నిలవడం దీనికి కారణాలు. ఫిల్మ్‌నగర్ చుట్టుప్రక్కల స్టూడియోలలో రాత్రి కాల్‌షీట్లు మామూలే. తెరపై కనిపించే నటులకు శరీరాన్ని కాపాడుకోవడం వృత్తిలో భాగం. కృష్ణానగర్, యూసఫ్‌గూడలలో నివసించే లైట్‌మెన్, డ్రైవర్లు, ప్రొడక్షన్ సిబ్బంది, జూనియర్ ఆర్టిస్టులకు ఆ అవకాశం లేదు. పని ఉన్న రోజున పదహారు గంటలు, లేని రోజున ఖాళీ. టీ, సిగరెట్టు, ఆలస్యపు భోజనం. గుండెపోటు తరువాత వైద్యుడు వ్రాసిచ్చే వేళకు తిండి, వేళకు నిద్ర అనే రెండు సలహాలు వీరి చేతిలో ఉన్నవి కావు. నిద్ర మాత్రం మార్చుకోలేనివారికి రాత్రి భోజనాన్ని పనికి ముందే ముగించి, నడిరాత్రి తేలికగా తీసుకోవడం కొంత మేలు.

== విమర్శ ==

మెటబాలిక్ సిండ్రోమ్ అనే పేరు అవసరమా అన్న ప్రశ్నను అమెరికా, ఐరోపా మధుమేహ సంఘాలు 2005లో సంయుక్తంగా లేవనెత్తాయి. విడివిడి లక్షణాల ప్రమాదాన్ని కూడితే వచ్చేదానికంటే ఈ పేరు అదనంగా చెప్పేదేమీ లేదని వారి వాదన. వయసు, పొగత్రాగడం, ఎల్‌డీఎల్ వంటి ముఖ్య విషయాలు ఇందులో లేవు. ఇంటర్‌హార్ట్ విశ్లేషణలో కూడా సిండ్రోమ్ వలన కలిగే ప్రమాదం మధుమేహం, రక్తపోటులలో ఒక్కొక్కటి కలిగించే ప్రమాదాన్ని మించలేదు. ఈ విమర్శలో నిజం ఉన్నది. అయితే రక్తపోటు 132, చక్కెర 108, ట్రైగ్లిజరైడ్లు 170, నడుము 94 ఉన్న 45 ఏళ్ళ మనిషికి ఏ ఒక్క సంఖ్యను చూపినా బార్డరులో ఉన్నది, ఫరవాలేదు అనే సమాధానమే దొరుకుతుంది. ఆ నాలుగింటినీ ఒకే కాగితంపై చూసినవారు అతనిని అలా తిప్పి పంపరు.